అడిగే మనిషి ఒకరుండాలి

(షోలాపూర్‌లో యూనియన్ కార్యాలయంలో జరిగిన కార్మిక కుటుంబాల సమావేశంలో, రిటైరైన ఒక సాంచా కార్మికుడు చేసిన ప్రసంగ పాఠం)



అధ్యక్షులవారు నన్ను కాసేపు మాట్లాడమన్నారు. నేను ఉపన్యాసాలిచ్చే మనిషిని కాను. సాంచాల మోతలో బతికినవాణ్ణి. ఆ మోతలో మాటకంటే చేతిసైగకే విలువ ఎక్కువ. అందుకని సూటిగా విషయానికి వస్తాను. ఈరోజు నేను యజమానుల గురించి గాని, ప్రభుత్వం గురించి గాని మాట్లాడబోవడం లేదు. వాళ్ళ గురించి చెప్పవలసింది నాకన్నా బాగా చెప్పేవాళ్ళు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను మాట్లాడేది మన నోట రోజుకు పదిసార్లు వచ్చే ఒక మాట గురించి. ఆ మాట "రేపు".

మీలో పెద్దవాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఒకప్పుడు మన ఊళ్ళలో రాత్రిపూట దయ్యం వచ్చి తలుపు తడుతోందని పుకారు పుట్టింది. జనం భయపడి తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. కర్ణాటకలో మనవాళ్ళున్న చోట "నాళె బా" అని కన్నడంలో రాశారు. దయ్యం వచ్చి, అది చదువుకుని, తిరిగిపోతుందట. మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ అదే చదువుకుని పోతుందట. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కాని మనం చేయవలసిన పనుల మీద మనమే ఆ రాత రాసిపెట్టుకున్నాం. నామినేషన్ ఫారం వస్తే రేపు రా. దగ్గు పరీక్ష చేయించుకోవాలంటే రేపు రా. బ్యాంకులో భార్య పేరు చేర్పించాలంటే పండుగ వెళ్ళాక రా.

దయ్యం తిరిగిపోతే మనకు నష్టమేమీ లేదు. పని తిరిగిపోతే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. అది చెప్పడానికే ఈరోజు నిలబడ్డాను.

పక్క సాంచా మనిషి

మా మిల్లులో నా పక్క సాంచాల మీద ఒక అన్న పనిచేసేవాడు. పేరు చెప్పను, అతని వాళ్ళు ఈ సభలో ఉన్నారు. అతని తాత వరంగల్ దిక్కు నుంచి, మా తాత కరీంనగర్ దిక్కు నుంచి ఈ షోలాపూర్‌కు పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళే. పదిహేనేళ్ళు మేమిద్దరం పక్కపక్కన నిలబడి పనిచేశాం. నేను నీళ్ళు తాగడానికి పోతే నా సాంచాలు అతను చూసేవాడు. అతను పోతే అతనివి నేను చూసేవాణ్ణి. మన ఖాతాల్లో అలాంటివాణ్ణి జోడీదారు అంటాం. ఆ మాటను కాస్త జ్ఞాపకం పెట్టుకోండి, దానితో పని ఉంది.

అతను పంతొమ్మిదేళ్ళ వయసులో నౌకరీకి ఎక్కినప్పుడు ప్రావిడెంట్ ఫండు ఫారంలో తల్లి పేరు రాశాడు. తర్వాత పెళ్ళయింది, ముగ్గురు పిల్లలు పుట్టారు. తల్లి కాలం చేసింది. కాగితంలో మాత్రం చనిపోయిన తల్లి పేరే ఉండిపోయింది. పెళ్ళయినవాళ్ళు కొత్త నామినేషన్ ఇవ్వాలని బోర్డు మీద నోటీసు పెడుతూనే ఉన్నారు. అతను చదువుతూనే ఉన్నాడు. "రేపు రాయిస్త తీయ్" అనేవాడు. నేనూ పక్కన నిలబడి అదే నోటీసు చదివేవాణ్ణి.

1994 వానాకాలంలో ఒకనాడు రాత్రి పాళీ దిగి ఇంటికి పోతూ సైకిల్ మీదనే గుండెపోటుతో పడిపోయాడు. వయసు 41.

ఆ తర్వాత వదినె పడిన తిప్పలు చెప్పాలంటే పొద్దు చాలదు. కాగితంలో ఉన్న మనిషి బతికి లేదు. బతికి ఉన్న మనిషి కాగితంలో లేదు. వారసులెవరో రుజువు తెమ్మన్నారు. మిల్లు రిజిస్టరులో అతని పేరు మరాఠీ పద్ధతిలో ముందు తన పేరు, మధ్యలో తండ్రి పేరు, చివర ఇంటిపేరుగా ఉంది. రేషన్ కార్డులో మన పద్ధతిలో ఇంటిపేరు ముందుంది, అందులోనూ ఒక అక్షరం తేడా. వదినె పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, ఇంకొకచోట అత్తింటి ఇంటిపేరుతో. వీళ్ళంతా ఒకటే మనుషులని రుజువు చేయడానికి ఒక ఆఫీసు నుంచి ఇంకొక ఆఫీసుకు తిరగడంతోనే 14 నెలలు గడిచాయి.

డబ్బు చివరికి వచ్చింది. రాలేదని అనను. కాని ఆ 14 నెలలు పొయ్యి ఆరకుండా ఉండాలి గదా. వదినె రాత్రింబవళ్ళు బీడీలు చుట్టింది. వెయ్యి బీడీలు చుడితేనే ఆ రోజు కూలి. ఒక్కదాని చేతులు చాలక, ఎనిమిదో తరగతి చదువుతున్న పెద్దబిడ్డను బడి మాన్పించి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఫండు డబ్బు వచ్చిన రోజున అప్పులు తీర్చింది. బిడ్డను మళ్ళీ బడికి మాత్రం పంపలేకపోయింది. అప్పటికే ఏడాది దాటింది, ఆ పిల్ల ఇంక పోనంది.

ఒకరోజు నేను ఆమెను ఆఫీసుకు తీసుకుపోయి తిరిగి వస్తున్నాను. దారిలో ఆగి ఒక మాట అడిగింది. "పదిహేనేండ్లు పక్కనే ఉన్నవు గద తమ్మీ. ఒక్కనాడన్న గట్టిగ అడుగకపోతివా?"

నా దగ్గర జవాబు లేదు. అతని సాంచా మీద ఒక్క పోగు తెగితే నేను పరుగెత్తిపోయి కట్టేవాణ్ణి. ఇంట్లో ఇంత పెద్ద పోగు తెగి ఉందని తెలిసి కూడా నేను కదలలేదు. ఎందుకో తెలుసా? నా ఫారం కూడా అట్లాగే ఉంది. నేను అతన్ని అడిగితే "నువ్వు ఇచ్చినవా?" అని నన్ను అడుగుతాడు. ఆ భయానికి నేనూ నోరు మూసుకున్నాను, అతనూ మూసుకున్నాడు. మంచి స్నేహితులం అనుకున్నాం.

ఇది సోమరితనం కాదు

మనవాళ్ళు పని వాయిదా వేస్తే చదువుకున్నవాళ్ళు "బద్ధకం" అంటారు. నేను ఒప్పుకోను. ఎనిమిది గంటలు నాలుగు సాంచాల చుట్టూ తిరిగే మనిషికి, పిల్లను ఒళ్ళో పెట్టుకుని దూది ధూళిలో కండెలు చుట్టే ఇంటి నుంచి వచ్చిన తల్లికి బద్ధకం ఎక్కడిది? వాయిదాకు కారణాలు వేరే ఉన్నాయి. నేను చూసినంతవరకు అవి మూడు.

మొదటిది భయం. కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా ఏమంటాడో, ఇంగ్లీషు ఫారంలో ఎక్కడ వేలిముద్ర పడుతుందో, తప్పు రాస్తే ఉన్నది కూడా పోతుందేమో అన్న భయం.

రెండోది లెక్క. ఆఫీసుకు పోతే అరపూట పగారు ఈరోజే పోతుంది. పోకపోతే వచ్చే నష్టం ఎప్పుడో పదేళ్ళకు. చేతిలోంచి ఈరోజు పోయే వంద రూపాయలు కంటికి కనిపిస్తాయి. పదేళ్ళ తర్వాత పోయే లక్ష కనిపించదు.

మూడోది సిగ్గు. దీన్ని ఎవరూ బయటికి చెప్పరు. మొదటి నెలలో ఇవ్వని కాగితం రెండో నెలలో ఇవ్వవచ్చు. మూడేళ్ళు ఇవ్వని కాగితం పట్టుకుపోతే "ఇన్నాళ్ళు ఏం చేశావు?" అంటారని సిగ్గు. ఆలస్యం చేసినకొద్దీ ఆ సిగ్గు పెరుగుతుంది, సిగ్గు పెరిగినకొద్దీ ఆలస్యం పెరుగుతుంది. "ఆలస్యం అమృతం విషం" అన్న సామెత మనకు తెలుసు. కాని అవసరం వచ్చినప్పుడు "నిదానమే ప్రధానం" అన్న ఇంకో సామెతను అడ్డం పెట్టుకుంటాం.

ఈ మూడింటిలో ఏదీ మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు తగ్గదు. రాత్రి పడుకుని "రేపు తప్పకుండా పోతా" అని తనకు తాను ఒట్టు వేసుకుంటాడు. తెల్లారి ఆ ఒట్టు తప్పితే అడిగేవాళ్ళెవరు? తనకు తానే మాఫీ చేసుకుంటాడు. అదే ఒట్టు ఇంకొకరి ముందు వేసి, ఆ ఇంకొకరు గురువారం నాడు వచ్చి "ఏమాయె?" అని అడుగుతారని తెలిస్తే, పని కదులుతుంది. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. దీనికి పెద్ద శాస్త్రం అక్కరలేదు. అయినా కొంత శాస్త్రం ఉంది, అది కూడా చెబుతాను.

మద్రాసు మందుగోలీలు

ముందు మన సాంచా సంగతి. పడుగులో ఒక్కొక్క పోగు మీద ఒక్కొక్క డ్రాపర్ వేలాడుతుంది. పోగు తెగితే డ్రాపర్ కింద పడుతుంది, సాంచా ఆగుతుంది. ఆ ఏర్పాటు లేని పాత సాంచాల మీద పోగు తెగినా నేత సాగిపోయేది. కార్మికుడి కంటబడేసరికి గజాల కొద్దీ బట్టలో గీత పడేది, ఆ తర్వాత జరిమానా పడేది. మనిషి బతుకు ఆ పాత సాంచా వంటిది. పోగు తెగినా రోజులు నడుస్తూనే ఉంటాయి. మనకు డ్రాపర్ లేదు. పక్కనున్న మనిషే మన డ్రాపర్ కావాలి.

ఇక మద్రాసు సంగతి. 1956లో మద్రాసులో క్షయరోగానికి మందులతో వైద్యం చేసే ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. శానిటోరియంలో మంచం మీద ఉంచి చేసే వైద్యానికీ, పేదల ఇళ్ళలోనే ఉంచి మందులిచ్చే వైద్యానికీ తేడా ఎంత అని పరీక్షించారు. ఇంటి వైద్యం కూడా దాదాపు అంత బాగానే పనిచేస్తుందని 1959లో తేల్చారు. ప్రపంచమంతా దాన్ని మెచ్చుకుంది. మన దేశంలో మంచాలు తక్కువ, రోగులు ఎక్కువ గదా.

కాని అక్కడి డాక్టర్లకు ఒక చిక్కు ఎదురైంది. మందు నెలల తరబడి తినాలి. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఒంట్లో బలం వస్తుంది. ఇంక ఎందుకులే అని మనిషి గోలీలు మానేస్తాడు, రోగం మళ్ళీ తిరగబడుతుంది. చెప్పకుండా ఇళ్ళకు పోయి మిగిలిన గోలీలు లెక్కపెట్టి చూశారు. చివరికి 1960ల మొదట్లో, రోగి వారానికి రెండుసార్లు క్లినిక్‌కు వచ్చి సిబ్బంది కళ్ళ ఎదుటే మందు తీసుకునే పద్ధతిని పరీక్షించారు. తర్వాతి కాలంలో ఆ ఆలోచనే "డాట్స్" అన్న పేరుతో 1997లో మొదలై మన దేశమంతటికీ విస్తరించిన క్షయ నివారణ కార్యక్రమానికి పునాది అయింది. మందు మంచిదైతే చాలదు. దాన్ని మింగావా అని అడిగే మనిషి కూడా కావాలని మన మద్రాసు పేదల ఇళ్ళలోనే తేలింది.

అమెరికాలో ఇంకొక సంగతి జరిగింది. 1935లో బిల్ విల్సన్ అనే తాగుడు మానిన మనిషి వ్యాపారం పనిమీద ఆక్రన్ అనే ఊరికి వచ్చాడు. వచ్చిన పని చెడింది. హోటల్లో ఒంటరిగా ఉన్నాడు, ఎదురుగా మద్యం ఉంది. తాగకుండా ఉండాలంటే ఇంకొక తాగుబోతుతో మాట్లాడాలని అతనికి తోచింది. వాళ్ళనూ వీళ్ళనూ అడిగి బాబ్ స్మిత్ అనే డాక్టరును కలుసుకున్నాడు. ఆయనా తాగుడుతో చెడిపోతున్న మనిషే. ఒకరికొకరు కాపలా ఉన్నారు. ఆ ఇద్దరి కలయిక నుంచే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం పుట్టింది. అందులో ఇప్పటికీ కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక పాతమనిషి తోడుగా ఉంటాడు.

ఈ రెండు చోట్లా నేను గమనించింది ఒకటే. అడిగే మనిషి తిట్టలేదు, పాఠం చెప్పలేదు. ఉన్నాడు, అడిగాడు, మళ్ళీ వచ్చాడు.

గురువారం చాయ్

వదినె ఆ మాట అన్న తర్వాత నేను మర్నాడే పోయి నా ఫారం ఇచ్చానని మీరు అనుకుంటారు. ఇవ్వలేదు. ఇంకో నాలుగు నెలలు అట్లాగే ఉన్నాను. సిగ్గుతో చెబుతున్నాను, దుఃఖం కూడా వాయిదాను మాన్పించలేదు.

మా వార్పింగ్ ఖాతాలో ఒక తమ్ముడుండేవాడు. సెలవు తర్వాత సోమవారం పనిలోకి దిగగానే అతనికి ఎదలో పట్టేసినట్టు ఉండేది, రోజంతా దగ్గేవాడు. దూది ధూళిలో పనిచేసేవాళ్ళకు ఈ సోమవారం బిగువు ఏమిటో తెలుసు. ఈఎస్ఐ దవాఖానాకు పోరా అంటే "పోత పోత" అనేవాడు. ఒకరోజు గేటు బయట చాయ్ తాగుతూ "నువ్వు దవాఖానాకు పోవాల్నని నాకు చెప్తవు, నీ ఫారం ఏడ బోయింది?" అన్నాడు. కడుపులో పొడిచినట్టయింది. అప్పుడు ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. ప్రతి గురువారం పాళీ దిగాక అదే హోటల్లో చాయ్. అతను నన్ను ఒక ప్రశ్న అడగాలి, నేను అతన్ని ఒక ప్రశ్న అడగాలి. మొదటి గురువారం ఇద్దరమూ చేయలేదు. రెండో గురువారం అతను దవాఖానా చీటీ చూపించాడు. ఇంక నాకు తప్పలేదు, శనివారం నా ఫారం ఇచ్చేశాను. 16 యేళ్ళు ఆగిన పని. లోపల పట్టింది పావుగంట.

అది చూసి మా ఖాతాల్లో ఇంకో ఐదారు జోళ్ళు కట్టారు. కండెల ఖాతాలో ఇద్దరు అక్కలు కట్టారు. ఒకామెకు చదువు వచ్చు, ఒకామెకు రాదు. చదువు రాని ఆమె సంతకం నేర్చుకోవాలి, చదువు వచ్చినామె చీటీ డబ్బు ఖర్చుపెట్టకుండా పోస్టాఫీసులో వేయాలి. ఇద్దరూ చేశారు.

ఆ అనుభవంతో జోడీ ఎలా కట్టాలో నాకు తెలిసినంత చెబుతాను.

జోడీదారు మీతో సమానంగా ఉండాలి. జాబరు వద్దు, మీకు అప్పిచ్చినవాడు వద్దు. ముకాదం అడిగితే అది హుకుం అవుతుంది. భార్యాభర్తలు కూడా వద్దని నా సలహా. ఇంట్లో అడిగితే అది ఆ రోజు పప్పులో ఉప్పుతో కలిసి జగడం అవుతుంది.

ఇద్దరికీ పని ఉండాలి. ఒకరే అడుగుతూ ఒకరే చెబుతూ ఉంటే నెలకే విసుగు పుడుతుంది. నేను నిన్ను అడుగుతాను, నువ్వు నన్ను అడుగు. అప్పుడే సిగ్గు పోతుంది.

పని చిన్నది చేసి చెప్పాలి. "కాగితాలన్నీ సరిచేసుకుంటా" అంటే అది పని కాదు, కోరిక. "సోమవారం పాళీకి ముందు పదింటికి యూనియన్ ఆఫీసుకు పోయి పేరు తప్పు ఎక్కడుందో చూపించుకుంటా" అంటే అది పని. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని ముందే నిర్ణయించుకున్నవాళ్ళు పని పూర్తిచేయడం ఎక్కువని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1999లో రాశాడు. మనకు చాయ్ హోటల్లో తెలిసినది ఆయనకు యూనివర్సిటీలో తెలిసింది.

అడిగే రోజు, అడిగే చోటు మారకూడదు. కనిపించినప్పుడు అడుగుదాంలే అనుకుంటే అడగడం కూడా రేపటికి పోతుంది.

అడగాలి, కాని చేసిపెట్టకూడదు. తోడుగా ఆఫీసుదాకా పోవచ్చు, వరుసలో పక్కన నిలబడవచ్చు. కాగితం ఆ మనిషి చేత్తోనే ఇవ్వాలి. ఈసారి మీరు చేసిపెడితే వచ్చేసారీ మీకోసం చూస్తాడు.

చేయలేదంటే తిట్టకూడదు. "ఎక్కడ ఆగింది?" అని మాత్రం అడగండి. ఫారం దొరకలేదా, గుమాస్తా తిప్పి పంపాడా, మనసే ఒప్పలేదా. ఆగిన చోటు తెలిస్తే సగం పని అయినట్టే. మూడుసార్లు అడిగినా కదలకపోతే ఇద్దరూ కలిసి యూనియన్ ఆఫీసుకు రండి. ఇద్దరి వల్ల కానిది పదిమంది వల్ల అవుతుంది.

ఇంకొకటి. జోడీదారు విన్నది జోడీదారు దగ్గరే ఉండాలి. రోగం గురించో అప్పు గురించో చెప్పుకున్న మాట మర్నాడు క్యాంటీన్లో వినిపిస్తే ఆ మనిషి జన్మలో ఇంకెవరికీ చెప్పడు.

చెడిన జోళ్ళు

అన్ని జోళ్ళూ నిలవలేదు. దాచడం ఎందుకు? ఒక జోడీలో ఒకడు ఇంకొకడి దగ్గర చేబదులు తీసుకున్నాడు. ఆ రోజు నుంచి "ఫారం ఇచ్చినవా?" అన్న ప్రశ్న "పైసలెప్పుడిస్తవు?" అన్నట్టు వినిపించింది. మూడు వారాల్లో ఎదురుపడటం మానేశారు.

ఇంకొకటి తందాన జోడీ. ఒకడు తానా అంటే ఇంకొకడు తందానా. "ఈ వారం కుదరలేదు." "నాకూ కుదరలేదు." "వచ్చే వారం చూద్దాం." "చూద్దాం." చాయ్ తాగి లేచిపోయేవారు. స్నేహం చెక్కుచెదరలేదు, ఒక్క పనీ కాలేదు. నేనూ మా అన్నా పదిహేనేళ్ళు నడిపింది ఆ జోడీయే. మనసు నొప్పించకుండా ఉండటమే స్నేహమని అనుకోకండి. అడిగే హక్కు ఇచ్చి పుచ్చుకోవడం కూడా స్నేహమే.

ఒక హెచ్చరిక. యజమాని ఫండు సొమ్ము జమ చేయకపోతే, గ్రాట్యుటీ ఎగవేస్తే అది మన వాయిదా కాదు, అతని తప్పు. దానికి జోడీదారు మందు కాదు, యూనియన్ ఉంది. మన చేతిలో ఉన్న పని మనం చేసి పెట్టుకుంటే, అతని తప్పును ఎత్తి చూపడానికి మన గొంతు ఇంకా గట్టిగా ఉంటుంది. మా మిల్లు మూతపడినప్పుడు ఇది తెలిసొచ్చింది. హాజరు టికెట్టు, ఫండు నంబరు, సర్వీసు కాగితం దాచుకున్నవాళ్ళు బకాయిల లెక్క దగ్గర టేబులు గుద్ది మాట్లాడారు. లేనివాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ముంబాయి మిల్లుల్లో పనిచేసిన మన తెలుగువాళ్ళను అడగండి. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆ స్థలాల్లో మిల్లు కార్మికులకు కట్టిన ఇళ్ళకు 2012లో మొదటి లాటరీ తీశారు. 1982 జనవరి 1న గాని ఆ తర్వాత గాని మిల్లులో పనిచేసినట్టు రుజువు కావాలన్నారు. ముప్పై యేళ్ళ కిందటి కాగితం! ట్రంకు పెట్టె అడుగున ఎప్పటిదో ఒక పాసు దొరికినవాళ్ళు దరఖాస్తు పెట్టగలిగారు.

ఈ వారమే చేయవలసినవి

ఇప్పుడు ఫారాలు చాలావరకు సెల్‌ఫోనులోకి పోయాయి. భయం మాత్రం పోలేదు, కిటికీ నుంచి ఓటీపీకి మారిందంతే. అందుకని జోడీలు కట్టుకున్నవాళ్ళు మొదట పట్టవలసిన పనులు చెబుతాను.

ప్రావిడెంట్ ఫండులో ఈ-నామినేషన్ చేశారా చూసుకోండి. పెళ్ళయితే పాతది పనికిరాదు, కొత్తది ఇవ్వాలి. నౌకరీలో ఉండగా మనిషి పోతే ఫండుతో పాటు బీమా సొమ్ము కూడా 7 లక్షల రూపాయల వరకు వచ్చే ఏర్పాటు ఉంది. పేరు సరిగా ఉంటే ఇంటివాళ్ళకు తిప్పలు తక్కువ. ఫండులో రాసిన పేరు గ్రాట్యుటీకి చెల్లదు, బ్యాంకు ఖాతాకు చెల్లదు. మూడుచోట్లా వేరువేరుగా రాయాలి. ఇది చాలామందికి తెలియదు.

ఆధార్‌లో, ఫండులో, బ్యాంకులో మీ పేరు ఒక్కటిగా ఉందా చూసుకోండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తకరారు మన తెలుగువాళ్ళకు ఇక్కడ ఎప్పుడూ ఉన్నదే. తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా చూడండి. బతికి ఉన్నప్పుడు మీరు సరిచేస్తే ఒక దరఖాస్తు. మీ తర్వాత అయితే మీ భార్యకు 14 నెలలు.

నౌకరీ మారినవాళ్ళు పాత ఖాతాను కొత్తదానికి కలపండి. పదేళ్ళ సర్వీసు నిండితేనే 58 యేళ్ళకు పింఛను. తొమ్మిదేళ్ళు ఒకచోట, రెండేళ్ళు ఒకచోట విడివిడిగా పడి ఉంటే పదకొండేళ్ళు చేసి కూడా ఆఫీసులో రుజువుల కోసం తిరగాలి.

దగ్గు, షుగరు, బీపీ ఉన్నవాళ్ళు పరీక్షకు ఒక తేదీ పెట్టుకోండి. పింఛను తీసుకునేవాళ్ళు ఏడాదికొకసారి ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికేటు తేదీ గోడ మీద క్యాలెండరులో రాసుకోండి.

ఇన్ని చెప్పానని అన్నీ ఒకేసారి పట్టుకోకండి. ఒక్కటే తీసుకోండి. అది అయ్యాక రెండోది.

ముగించే ముందు వదినె సంగతి చెప్పి కూర్చుంటాను. ఆమెకు ఇప్పుడు డెబ్బై దాటింది. బడి మానేసిన పెద్దబిడ్డకు పెళ్ళయింది, ఆ పిల్ల తన కూతుర్ని మాత్రం డిగ్రీ దాకా చదివించింది. వదినెకు వితంతు పింఛను వస్తుంది. ప్రతి యేడూ ఆమె లైఫ్ సర్టిఫికేటు తేదీకి పది రోజుల ముందు నేను వాళ్ళింటికి పోయి "ఇచ్చినవా వదినె?" అని అడుగుతాను. ఆమె ఊరికే జవాబు చెప్పదు. "నువ్వు షుగరు పరీక్ష చేయించుకున్నవా తమ్మీ? చీటీ చూపియ్యి" అంటుంది. చీటీ చూపిస్తేనే చాయ్ పెడుతుంది. ఇప్పుడు నా జోడీదారు ఆమే. పదిహేనేళ్ళు నేను అడగని మాటను ఆమె ప్రతి యేడూ నన్ను అడుగుతోంది.

ఇంకాసేపట్లో చాయ్ ఇస్తారు. చాయ్ తాగేలోపల మీ పక్కన ఉన్న మనిషి వైపు తిరిగి, మీరు ఎన్నాళ్ళ నుంచో ఆపుతున్న పని ఒకటి చెప్పండి. వాళ్ళది ఒకటి వినండి. మళ్ళీ ఏ రోజు, ఎక్కడ అడుగుతారో అప్పుడే నిర్ణయించుకోండి. ఇంటికి పోయాక ఆలోచిస్తామని మాత్రం అనకండి. అదే "రేపు రా".